లేసు అంగడి అక్క మొదటి పరుగు

లేసు అంగడి అక్క పోయిన కబురు ఆమె మరదలే ఫోను చేసి చెప్పింది. "అక్కా, వదిన రాత్రి నిద్రలోనే పోయింది. గుండె ఆగిపోయిందంట. డాక్టరు వచ్చి చూసి చెప్పినాడు. వస్తావు కదా?" అంది. నేను పొయ్యి ఆపేసి, కట్టుకున్న చీరతోనే ఆటో ఎక్కాను.

నగర్తపేటలో వాళ్ళ సందు మొదట్లోనే ఆటో ఆగిపోతుంది. ఆపైన మూటలు మోసేవాళ్ళూ తోపుడుబళ్ళూ తప్ప ఇంకేవీ పట్టవు. కింద లేసులూ జరీ అంచులూ అమ్మే అంగడి, పైన ఇల్లు. ఆవేళ అంగడి తలుపు దించి ఉంది. మెట్ల మీద నిలబడ్డవాళ్ళను తప్పించుకుని పైకి వెళ్ళేసరికి, గోడకానుకుని కూర్చున్న ఒక పెద్దాయన పక్కాయనతో అంటున్నాడు: "ఒక్క కిడ్నీతో ఎన్ని దినాలు లాగుతాదప్పా మనిషి? పాపం."

తల దగ్గర కూర్చున్న మరదలు చటుక్కున మొహం ఎత్తింది. "కిడ్నీకీ దీనికీ సంబంధం లేదు మామా. ఉన్న కిడ్నీ బాగా పని చేస్తా ఉన్నింది. ఇది గుండె. ఆ మాట ఇంగ ఈ ఇంట్లో ఎవురూ అనొద్దండి" అంది.

పెద్దాయన సర్దుకుని కూర్చున్నాడు. నాకు ఆ దుఃఖంలోనే ఒక రకమైన తృప్తి కలిగింది. ఈ మాట ఆ నోటి నుంచి రావడానికి ఏమేం జరగవలసి వచ్చిందో ఆ గదిలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పోయినావిడ వినుంటే ఇంకో మాట కూడా చేర్చేది. ఆమె ముందు ఎవరైనా "పాపం" అన్నారంటే వదిలేది కాదు. "పాపమా? ఎవురు చేసిందప్పా? పేరు చెప్పు, పోయి అడిగొస్తాం" అనేది. అన్నవాళ్ళు నాలుక కరుచుకునేదాకా వాళ్ళ మొహంలోకే చూసేది.

నేనామెను మొదట చూసింది లాల్‌బాగ్‌లో, తొంభైల చివర. నేను మదనపల్లె నుంచి పెళ్ళయి ఈ ఊరు వచ్చి, ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో టైపిస్టుగా చేస్తున్న రోజులు. ముప్పై దాటగానే, షుగరు వచ్చేలా ఉంది, పొద్దున్నే నడవమని డాక్టరు తరిమాడు. నడవడమంటే నాకు శిక్షలా ఉండేది. చెప్పులు ఈడ్చుకుంటూ, గేటు ఎప్పుడొస్తుందా అని చూసుకుంటూ తిరిగేదాన్ని. ఒకరోజు వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏమ్మా, నడస్తా ఉండావా, నిద్రపోతా ఉండావా?"

తిరిగి చూస్తే, యాభైకి దగ్గర పడిన మనిషి. పొట్టి. కుచ్చిళ్ళు పైకి దోపి, బడిపిల్లలు డ్రిల్లుకు వేసుకునే తెల్ల క్యాన్వాస్ బూట్లు తొడుక్కుంది. ఎడమ చెయ్యి నడుము మీద ఆనించుకుని, కుడి చెయ్యి మాత్రం ఎవరితోనో తగువుకు పోతున్నట్టు ఊపుకుంటూ వస్తోంది.

"నేను తెలుగుదాన్నని ఎట్లా తెలిసింది?" అన్నాను.

"గేటు కాడ పూలామెతో బేరమాడినావు కదా. నీ కన్నడం వింటే ఎవురికైనా తెలిసిపోతాది" అని, నన్ను దాటి పోయింది. పోతూ పోతూ, "రా, రా, సుమ్నే అట్లా ఊరికే నిలబడొద్దు" అంది. నేను వెళ్ళాను. ఆ తరువాత చాలా ఏళ్ళు అలా ఆమె వెనక వెళ్తూనే ఉన్నాను.

పుట్టింది హిందూపురం పక్కన పల్లెలోనే అయినా పెరిగిందంతా ఈ ఊళ్ళోనే. తెలుగు మొదలుపెట్టి కన్నడంలో ముగించేది, కన్నడంలో తిట్టి తెలుగులో బుజ్జగించేది. లాల్‌బాగ్‌లో రోజూ తిరిగేవాళ్ళందరికీ పేర్లు పెట్టింది. చేతులు అటూ ఇటూ సమానంగా ఊపే తెల్లమీసాల ఆయన "గడియారం". ఒకరి వెనక ఒకరు ఒగరుస్తూ పరిగెత్తే కంప్యూటరు ఆఫీసు కుర్రవాళ్ళు "గూడ్సుబండి". నా పేరు "నిద్రమ్మ". ఆ పేరు పోగొట్టుకోవడానికే నేను వేగం పెంచాననిపిస్తుంది.

కూర్చుని లేచేటప్పుడు తన మోకాళ్ళతో మాట్లాడేది. ఇద్దరు బద్ధకపు కోడళ్ళను లేపుతున్నట్టు, రెంటినీ చేతుల్తో తట్టి, "లేయండమ్మా, అంగడి తెరిచేది లేదా?" అనేది. నడక అయ్యాక బేకరీలో పచ్చిమిరపకాయలు వేసిన ఖారా బన్ను కొనేది. చేతిలోకి తీసుకోగానే వాసన చూసేది. నిన్నటిదైతే మాట్లాడకుండా తిరిగి గాజు పెట్టె మీద పెట్టేసేది. ఆ బేకరీ ఆయన చివరికి ఆమెను చూడగానే లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గరివే తెచ్చేవాడు.

అంగడిలో ఆమె భర్త గల్లా దగ్గర కూర్చునేవాడు. మంచివాడు. ఏం చెప్పినా "ఊఁ" అనేవాడు. లేసు కొలవడం మాత్రం ఆమే. ముక్కు దగ్గర ఒక కొస పెట్టి, చెయ్యి చాపి, రెండో కొస లాగేది. గజం కట్టె పక్కనే ఉన్నా ముట్టుకునేది కాదు. కొన్నవాళ్ళు అనుమానంగా చూస్తే, ఇంకో జానెడు వదిలి కత్తిరించి, "ఇప్పుడన్నా నగు" అనేది.

ఒకసారి నడుస్తుండగా వాన పట్టుకుంది. ఇద్దరం గ్లాస్ హౌస్ చూరు కింద నిలబడ్డాం. అప్పుడు అడిగాను, "నడుము నొప్పా అక్కా? ఎప్పుడూ చెయ్యి అక్కడే పెట్టుకుంటావు" అని.

"నొప్పేం లేదు. అలవాటైపోయింది. లోపల ఒకటి లేదు కదా, అందుకు" అని నవ్వింది.

తమ్ముడికి కిడ్నీ ఇచ్చిందట. దొడ్డబళ్ళాపురం మగ్గాల నుంచి పట్టుచీరలు తెచ్చి ఊళ్ళో అంగళ్ళకు వేసేవాడు ఆ తమ్ముడు. పెళ్ళయి ఒక కూతురు పుట్టాక రెండు కిడ్నీలూ పోయాయి. అమ్మ ముసలిది. తక్కినవాళ్ళు ఆసుపత్రి పేరెత్తితేనే ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఈమె పరీక్షలు చేయించుకుంటే సరిపోయింది. భర్తనడిగితే "ఊఁ" అన్నాడు. ఇచ్చేసింది. ఆ తరువాత తమ్ముడు కొన్నేళ్ళు బాగానే తిరిగాడు. ఒక ఏడు చలికాలంలో ఊపిరితిత్తులకు జబ్బు పట్టుకుని, వారం తిరగకుండానే పోయాడు. అప్పటినుంచీ అతని భార్యా కూతురూ ఈమె ఇంట్లోనే ఉంటున్నారు.

నేను నోరు తెరవబోయాను. ఏమనబోయానో ఆమెకు అర్థమైపోయింది. వేలు చూపించి, "ఆ మాట అనొద్దు" అంది. అని, వాననే చూస్తూ చెప్పింది:

"మావోళ్ళంతా ఏమంటారు తెలుసా? వృథా అయిపోయిందంటారు. వాడు మళ్ళా మగ్గాల కాడికి పోయినాడు. కూతుర్ని బడిలో ఏసినాడు. గౌరి పండగకు నాకు చీర తెచ్చినాడు. నాసిరకం తెచ్చినావని నేను తిట్టినా. కిడ్నీ నువ్వే ఇచ్చినావు కదా, నీ మాదిరే పిసినారి అయిపోయినానని వాడు నన్ను ఎగతాళి చేసినాడు. మూడు దినాలు మాట్లాడుకోలేదు ఇద్దరమూ. ఇదంతా వృథానామ్మా?"

వాన తగ్గగానే చూరు కిందినుంచి బయటపడి నడక అందుకుంది.

ఆమెను నిజంగా బాధ పెట్టింది ఇంట్లో వాళ్ళ జాగ్రత్త. బిందె ఎత్తబోతే ఎవరో ఒకరు లాక్కునేవాళ్ళు. అంగట్లో లేసు పెట్టె కిందికి దించబోతే భర్త లేచి వచ్చేవాడు. అందరికంటే ఎక్కువ మరదలు. ఆ పిల్ల సన్నగా, మాట బయటికి రానట్టుండేది. వదిన మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తే చాలు, వంటింట్లోంచి వచ్చి చేతిలో సంచీ అందుకునేది. దగ్గితే నీళ్ళు తెచ్చేది. ఇంట్లో ఎవరూ చూడని వేళ వదిన మొహం వాచిందా, కాళ్ళు వాచాయా అని పరికించేది. ఇది నాకు అక్కే చెప్పింది. "అది నన్ను చూసేటప్పుడు మనిషిని చూసినట్టుండదు. పగిలిపోయే సామాను చూసినట్టుంటాది" అంది.

రెండువేలు దాటిన కొత్తల్లో చందాపురలో వాళ్ళ బంధువులింట్లో గృహప్రవేశం. నన్ను కూడా పిలిచారు. పంక్తి వేయాలని కుర్చీలు సర్దుతున్నారు. అక్క కూడా ఒకదానిలో ఒకటి పెట్టిన ప్లాస్టిక్ కుర్చీలు నాలుగైదు ఎత్తుకుని వస్తోంది. ఆ చివర వడ్డనకు ఆకులు తుడుస్తున్న మరదలు చూసి అరిచింది: "వదినా! దించు! దించేయ్!"

అంతమందీ తిరిగి చూశారు. పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దామె చుట్టూ ఉన్నవాళ్ళతో, "ఆమెకు పనులు చెప్పొద్దండప్పా. ఒకటే ఉండాది ఆమెకు. పోనీ, తీసుకున్నోడన్నా ఉండాడా అంటే అదీ లేదు. అంతా వృథా" అంది. మెల్లగా చెప్పాననుకుంది కాబోలు. అందరికీ వినిపించింది.

అక్క కుర్చీలను కింద పెట్టింది. విసరలేదు, దించింది. వెళ్ళి పంక్తిలో కూర్చుని ఆకులో పెట్టిందంతా తిన్నది. మరదలు కళ్ళెత్తి ఎవరి వైపూ చూడలేదు.

సాయంత్రం మార్కెట్టు బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మరదలు కూతురి తల ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో ఉంది. చాలా దూరం అక్క కిటికీలోంచే చూసింది. తరువాత అడిగింది.

"లాల్‌బాగ్ గేటు కాడ ఆ పిల్లోళ్ళు పరుగు పందేనికి పేర్లు రాసుకుంటా ఉండారు కదా?"

"అవునక్కా. పది కిలోమీటర్లంట."

"రేపు మన పేర్లు ఇచ్చేద్దాం."

"మన పేర్లా?"

"నాదొకటే అయితే మన పేర్లని ఎందుకంటా?"

"మనం ఎప్పుడూ పరిగెత్తలేదు కదక్కా!"

"బస్సు ఎక్కేదానికి పరిగెత్తలేదా? అదే పరుగు. ఇది కొంచెం దూరం పోయే బస్సు."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. దవడ బిగిసి ఉంది. కుర్చీలు కింద పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది మొహం.

మర్నాడు గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న కుర్రవాడి ముందు నిలబడి, "ఎవురైనా రావచ్చా?" అని అడిగింది.

"ఎవరైనా రావచ్చమ్మా. అంతా పరిగెత్తక్కర్లేదు, కొందరు నడుస్తారు" అన్నాడు అతను మర్యాదగా.

"నడిచేది దినామూ నడస్తానే ఉండా. దానికి పేరెందుకియ్యాల? పరిగెత్తుతాదని రాసుకో" అంది. నా వైపు చూపించి, "ఈమెది గూడా" అంది. అలా నా పేరు పడింది. ఆ క్షణంలో వద్దని ఉంటే వద్దయ్యేది. నాకు కూడా, ఎందుకో, వద్దనాలనిపించలేదు.

ఇంట్లో గొడవ అవుతుందని ఆమెకు తెలుసు. ముందుగా భర్తను వెంటబెట్టుకుని, ఆపరేషన్ నాటినుంచీ చూస్తున్న డాక్టరు దగ్గరికి వెళ్ళింది. తాను చెబితే నమ్మరు, ఆయన చెవులతో ఆయనే వినాలి అని. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, నిరభ్యంతరంగా పరిగెత్తమన్నాడు. నీళ్ళు బాగా తాగాలి, ఒళ్ళునొప్పుల మాత్రలు మింగకూడదు, కళ్ళు తిరిగితే ఆగిపోవాలి. అంతే. ఆ రాత్రి భోజనాల దగ్గర మరదలు ఏడుస్తూ, "అన్నా, నువ్వన్నా చెప్పు వద్దని" అని ఆయన్ను బతిమిలాడిందట. ఆయన చాలాసేపు అన్నం కలుపుతూ కూర్చుని, భార్య వైపు తిరిగి, "మంచి షూస్ కొనుక్కో. ఆ బడిపిల్లల బూట్లు కాళ్ళు కొరికేస్తాయి" అన్నాడట. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె మొహం కొత్త పెళ్ళికూతురి మొహంలా వెలిగింది. "ఇన్నేండ్లలో ఊఁ కాకుండా ఆయన చెప్పిన మాట ఇదొకటే" అంది.

పరుగు మొదలుపెట్టిన మొదటి రోజే మాకు తెలిసిపోయింది, అది బస్సు పరుగు కాదని. ఒక దీపస్తంభం నుంచి రెండోదానికి చేరేసరికి నాకు గొంతులో రక్తం రుచి తగిలింది. ఆమె చెట్టు పట్టుకుని నిలబడి, మాట రాక, చేత్తోనే తరువాతి స్తంభం చూపించింది. గడియారం ఆయన మమ్మల్ని దాటిపోతూ, "పరిగెత్తుతున్నారా?" అని కన్నడంలో అడిగాడు. "లేదు, దొర్లుతా ఉండాం" అంది తెలుగులో. ఆయనకు అర్థం కాలేదు, తలూపి వెళ్ళిపోయాడు.

వారాలు గడిచేకొద్దీ స్తంభాల మధ్య ఆగడం తగ్గింది. ఆమెది వేగం కాదు. పాదాలు నేల మీదినుంచి పెద్దగా లేచేవి కావు. కాని ఒకసారి మొదలుపెడితే ఆగేది కాదు. నేను ముందుకు దూకి ఆయాసపడి నిలబడితే, కాసేపటికి వెనకనుంచి ఆ అడుగుల చప్పుడు వచ్చేది, ఇంట్లో ఎవరో చాటలో బియ్యం చెరుగుతున్నట్టు, ఒకే తీరుగా. నన్ను దాటిపోతూ, "నిద్రమ్మా, లేయ్" అనేది.

అంతా బాగుందనుకునేలోగా ఒకరోజు తోటలో ఉన్న పెద్ద కొండబండ దగ్గర అక్క కాలు జారి పడింది. మోకాలు చెక్కుకుపోయింది, అరచెయ్యి గీసుకుంది. కుళాయి దగ్గర కడుక్కుని, ఏం కాలేదన్నట్టు ఇంటికి వెళ్ళింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆదివారం నేనే వాళ్ళింటికి వెళ్ళాను.

అక్క కిటికీ దగ్గర కూర్చుని లేసు చుట్టలు చుడుతోంది. మరదలు వంటింటి గడప మీద, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుంది.

"రాలేదేమక్కా?" అన్నాను.

"షూస్ కనపడలేదమ్మా. ఎలుకలు ఎత్తుకుపోయినట్టుండాయి" అంది, చుట్టలు చుడుతూనే.

మరదలు ఒక్కసారిగా పైకి లేచింది. అంత గొంతు ఆ పిల్లలో ఉందని నేననుకోలేదు.

"ఎలుకలు కాదు, నేనే దాచినా! ఏం చేసుకుంటావో చేసుకో వదినా. నా మొగునికి ఇచ్చి నువ్వు సగమైనావు. నీకేమన్నా అయితే అందరూ ఎవుర్ని చూస్తారు? నన్నే కదా! నేనేం మొగం పెట్టుకోని ఈ ఇంట్లో కూడు తినేది?"

అక్క చేతిలో చుట్ట పక్కన పెట్టింది. లేచి వెళ్ళి మరదలి చెయ్యి పట్టుకుంది. నేను బయటికి వెళ్ళబోతే, "నువ్వుండు" అంది. పైట పక్కకు తీసి, ఆ చేతిని తన నడుము మీద, కోత పెట్టిన చోట పెట్టుకుంది.

"నొక్కు."

మరదలు చెయ్యి లాక్కోబోయింది. అక్క వదల్లేదు.

"గట్టిగా నొక్కు. ఇంగా గట్టిగా. నాకు నొప్పి పుట్టిందా? నా మొగం చూసి చెప్పు. పుట్టలేదు కదా? ఇది ఎప్పుడో మానిపోయిందే. మాననిది నీదే."

మరదలు చెయ్యి లాక్కోవడం మానేసింది. కింద సందులో ఎవరో మూట దించిన చప్పుడైంది. అక్క ఇంకా ఆ చెయ్యి అలాగే పట్టుకుని, ఈసారి మెల్లగా చెప్పింది:

"నువ్వు అడగలేదు. నేనే ఇచ్చినా. వాడు నీకు మొగుడు కాకముందే నాకు తమ్ముడు. ఇచ్చినందుకు ఏ దినమూ బేజారు పడలేదు. కానీ నువ్వు నన్నిట్లా కూర్చోబెట్టి, మంచాన పడినదాన్ని చూసినట్టు చూస్తా ఉంటే, అప్పుడు నిజంగానే వృథా అయిపోతాది. అర్థమైందా?"

మరదలు లోపలికి వెళ్ళింది. డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. బియ్యం డబ్బాలోంచి షూస్ తీసి, వాటిలోకి దూరిన గింజలు దులిపి, తెచ్చి వదిన కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఇంత ఇంట్లో నీకు బియ్యమే దొరికినాయా? బాగా కడిగి వండు" అంది అక్క.

మరదలు షూస్ ఇచ్చింది కాని, ఒప్పుకోలేదు. పరుగు రోజు వస్తావా అని నేనడిగితే, "నేను చూడలేనక్కా" అని తల తిప్పుకుంది.

ఆ రోజు తెల్లవారుతుండగా కబ్బన్ పార్కు దగ్గర జనం. నిక్కర్లు వేసుకున్న కుర్రాళ్ళు, కాళ్ళు ముందుకూ వెనక్కూ విదిలిస్తున్నారు. అక్క జీవితంలో మొదటిసారి చూడీదార్ వేసుకుంది. అంచుకు వాళ్ళ అంగడి లేసే కుట్టించింది. సిగ్గుపడుతుందనుకున్నాను. ఆమె నన్ను పక్కకు పిలిచి, "నీ ప్యాంటు నాడా గట్టిగా కట్టినావా? నడిమధ్యన ఊడిపోతే నేను ఆగను" అంది.

ఈల వినిపించగానే జనమంతా ఒక్కసారి కదిలారు. వరదలో పుల్లల్లా మమ్మల్ని పక్కకు నెట్టుకుంటూ అందరూ ముందుకు పోయారు. కాసేపటికి రోడ్డు ఖాళీ అయ్యి, మేమిద్దరం, మా లాంటివాళ్ళు కొందరూ మిగిలాం. విధానసౌధ ముందుకు వచ్చేసరికి ఆ కొందరు కూడా చెదిరిపోయారు. నాకు కాళ్ళలో ఇంకా బలం ఉంది. అయినా ఆమె అడుగులో అడుగు వేస్తూ, మధ్యమధ్యన ఆమె మొహంలోకి చూస్తూ వస్తున్నాను.

ఆమె పట్టేసింది. "ఏంటికి అట్లా చూస్తా ఉండావు?"

"ఏం లేదక్కా, బాగుండావా అని."

"చూడమ్మా. నా పక్కన ఇట్లా వస్తే నువ్వు గూడా నన్ను పేషెంటును చేస్తా ఉండావు. నువ్వు పో."

"ఇద్దరం కలిసే..."

"పేరు ఇచ్చింది ఇద్దరమూ. కాళ్ళు ఎవురివి వాళ్ళవే. పో. నా కోసం ఆగితే నీతో మాట్లాడను."

తమ్ముడితో మూడు రోజులు మాట్లాడని మనిషి. నేను వెళ్ళాను. తిరిగి చూడకూడదనుకుంటూనే ఒకసారి చూశాను. ఖాళీ రోడ్డు మీద, ఎడమ చెయ్యి నడుము మీదినుంచి తీసేసి, రెండు చేతులూ ఊపుకుంటూ, అదే చాట చెరిగే అడుగుతో వస్తోంది.

నా పరుగు గురించి చెప్పడానికేమీ లేదు. చివర్లో నడిచాను, మళ్ళీ పరిగెత్తాను, చేరాను. రెండు వెదురు కర్రలకు కట్టిన గుడ్డ బ్యానరు కింద నుంచి దాటాక, పక్కన పేవ్‌మెంట్ మీద కూలబడ్డాను. ఎవరో నీళ్ళిచ్చారు. చుట్టూ జనం అరటిపండ్లు తింటూ, ఫొటోలు తీసుకుంటూ ఉన్నారు. ఎండెక్కింది. జనం పలచబడ్డారు. పోలీసులు అడ్డుపెట్టిన కంచెలు తీసేశారు, బస్సులూ ఆటోలూ రోడ్డు మీదికి వచ్చేశాయి. అక్క రాలేదు.

అప్పుడు చూశాను, మరదలు. చేతిలో మజ్జిగ ఫ్లాస్కుతో, ప్రతి మనిషినీ వెతుక్కుంటూ వస్తోంది. నన్ను చూసి పరుగున వచ్చింది.

"వదిన యాడ?"

"వస్తా ఉండాది."

"నువ్వు వచ్చేసినావే!"

నేను చెప్పేలోగా అంబులెన్సు కూత వినిపించింది. మేము వచ్చిన దారిలోనే వచ్చి కొంచెం దూరంలో ఆగింది. మరదలు ఫ్లాస్కు నా ఒళ్ళో పడేసి దాని వైపు పరిగెత్తింది. వెనక తలుపు తీశారు. లోపల ఎవరో కుర్రవాడు, కాలి పిక్క పట్టేసినవాడు, మొహం చిట్లించుకుని కూర్చున్నాడు. మరదలు ఆ తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది.

తిరిగి వస్తుండగా ఆమే ముందు చూసింది. దూరంగా, రోడ్డు వార, ఒక సిటీ బస్సు పక్కన. లేసు అంచు చూడీదార్. బస్సు హారన్ కొడుతోంది, ఒక ఆటో ఆయన తల బయటికి పెట్టి ఏదో అంటున్నాడు. ఆమె ఎవరినీ చూడడం లేదు. మొహం ఎర్రగా కందిపోయి, చెమటతో మెరుస్తోంది. నడవడం లేదు. పరిగెత్తుతోంది.

అదే సమయానికి ఇద్దరు మనుషులు బ్యానరు తాళ్ళు విప్పుతున్నారు. ఒక కర్ర అప్పటికే పక్కకు ఒరిగింది. మరదలు ఆ మనుషుల దగ్గరికి దూసుకెళ్ళింది.

"అన్నా, విప్పొద్దండి! మనిషి వస్తా ఉండాది!"

"అయిపోయిందమ్మా. టెంపో వచ్చేసింది, ఎక్కించల్ల" అన్నాడొకాయన.

"ఎట్లా అయిపోతాది? ఆయమ్మ పరిగెత్తుతానే ఉండాది కదా! కండ్లు తెరిచి చూడండి!" అని, ఆ పిల్ల ఒరిగిపోయిన కర్రను రెండు చేతులా పట్టుకుని పైకెత్తింది. బరువుకు వెనక్కి తూలింది. మళ్ళీ నిలదొక్కుకుంది. ఆ మనుషులిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకుని, రెండో కర్రను లేపి పట్టుకున్నారు.

నేను కూడా లేచి నిలబడ్డాను. మరదలు ఎలుగెత్తి అరుస్తోంది: "రా వదినా! రా! ఇంగ కొంచెమే! రా!" కన్నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

అక్క ఆఖరి వరకూ అడుగు మార్చలేదు. వేగం పెంచలేదు, తగ్గించలేదు. బ్యానరు కిందికి వచ్చి, దాటి, రెండడుగులు ముందుకు పోయి ఆగింది. వంగి మోకాళ్ళు పట్టుకుంది. ఊపిరి తిరిగాక తలెత్తి, కర్ర పట్టుకుని ఏడుస్తున్న మరదల్ని కిందినుంచి పైదాకా చూసింది.

"వంకరగా ఉండాది, సరిగ్గా పట్టుకో. నా వెనక ఇంకొకాయన వస్తా ఉండాడు."